కొంగున కట్టిన తోడు

ఆ రోజుల్లో అసూయ పడాలన్నా కాస్త అదృష్టం ఉండాలి. ఫిజీ వచ్చి కూలి లైన్లలో, ఆ వరస గదుల్లో, గడిపిన ఐదేళ్ళూ ఎవరిని చూసి ఎవరు ఏడవాలి? అందరికీ ఒకే కొలత గది, ఒకే కొలత బియ్యం, అందరి వీపుల మీదా ఒకే కులంబరు (చెరకు తోటల మీద పెత్తనం చేసే తెల్లదొరని మేం అలా అనేవాళ్ళం, ఆ మాట వింటే ఇప్పటికీ నా నడుం దానంతట అదే నిటారవుతుంది). గిరిమిట్ (వేలిముద్ర వేసిన కూలి ఒప్పందం) తీరి, మాలో మేం అనుకునే మాటలో 'ఖుల్లా' అయి, అంటే ఎవరి కిందా లేకుండా, నవాకా దగ్గర తలా కాస్త కౌలు నేల పట్టుకుని తలా ఒక గడ్డి ఇల్లు వేసుకున్నాక గానీ మాకు పక్కింటివైపు చూసే తీరిక దొరకలేదు. దొరికిన మర్నాటి నుంచే నేను చూడటం మొదలుపెట్టాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు ఉంటాయి. చూపు బాగా ఆనేది.

చూడటానికి నాకు ఎదురుగా ఉన్నది మా ఓడక్క ఇల్లు. ఓడక్క అంటే నాకు తోడబుట్టింది కాదు. ఆమెది ఏ ఊరో, ఏ ఇంటిపేరో ఓడెక్కేదాకా నాకు తెలియదు. కానీ ఒకే ఓడలో పక్కపక్క చాపల మీద వాంతులు చేసుకుంటూ వచ్చినవాళ్ళు ఈ దేశంలో దిగాక రక్తసంబంధీకుల కింద లెక్క. ఆమె నాకంటే పెద్దది కనుక అక్క అయింది, ఆమె మొగుడు బావ అయ్యాడు, మా ఆయనకి ఆమె వదిన అయింది. దేశంలో వదిలి వచ్చిన చుట్టాలతోనైనా తగువు పెట్టుకోవచ్చు గానీ ఓడచుట్టరికం తెంచుకోకూడదని అందరూ అనేవారు. తెంచుకోకుండా లోలోపల ఎంత కుళ్ళుకోవచ్చో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నేనే కనిపెట్టాను.

ఆమెకి ఒక ఆవు ఉండేది. పేరు చుక్క. మేకకి కాస్త పెద్ద, ఆవుకి కాస్త చిన్న. నుదుట తెల్ల మచ్చ తప్ప చెప్పుకోదగ్గ అందం ఏమీ లేదు. నాకూ ఒక ఆవు ఉండేది, దాని పేరు దొరసాని. బదిలీ అయి వెళ్ళిపోతున్న కులంబరు తన బంగళా ఆవుని మా ఆయనకి చవకగా ఇచ్చేసి పోయాడు. నలుపూ తెలుపూ కలిసిన ఒళ్ళు, కుండలాంటి పొదుగు, నడకలో ఠీవి. పేరుకి తగ్గట్టు పూటకి ఒకసారైనా నన్ను తన్నేది, బుద్ధి పుడితే పాలు చేపేది. చుక్క రెండు పూటలా ఇచ్చే పాలు దొరసాని ఒక్క పూటలో, అదీ విసుక్కుంటూ ఇచ్చేది. మరి ఇద్దరిలో ఎవరి ఇల్లు పచ్చగా ఉండాలి? నాది కదా! కానీ ఓడక్క ఇంటికి తలుపు వచ్చింది, ఆమె చేతికి వెండి మురుగులు వచ్చాయి. నాకు దొరసాని తన్నిన దెబ్బలు మిగిలాయి.

సంగతేమిటంటే నా పాలు కొనే నాథుడు లేడు. పాత కులంబరు ఉంటే కొనేవాడేమో, కొత్తగా వచ్చినవాడు డబ్బా పాలు తాగే రకం. లైన్లలో అమ్ముదామని డబ్బా నెత్తిన పెట్టుకుని పోతే, నేను చేరేసరికి అందరూ తోటల్లోకి పోయి తలుపులకి తాళ్ళు కట్టి ఉండేవి. వాళ్ళు తిరిగొచ్చే దాకా ఆగితే ఆ ఎండకి పాలు విరిగిపోయేవి. ఓడక్క మాత్రం ఒక్క రోజూ పాలు అమ్మిన పాపాన పోలేదు. వచ్చిన పాలన్నీ తోడు పెట్టేది. పెరుగు చిలికి వెన్న తీసి, ఆ మజ్జిగలో ఉప్పూ, నిమ్మాకూ, నలిపిన పచ్చిమిరపకాయా వేసి, నడినెత్తిన ఎండ ఉన్న వేళ సరిగ్గా చెరకు నరికే గుంపు ముందు కుండ దించేది. ఆ వేళకి వాళ్ళు సముద్రం ఇచ్చినా తాగేలా ఉండేవారు. వెన్న కాచి నెయ్యి చేసి ఉట్టి మీద పెట్టేది. నెయ్యికి తొందర లేదు, కొనేవాడు వచ్చేదాకా కూర్చుంటుంది. మైళ్ళ అవతలి సబేటో నుంచి కూడా మనుషులు వచ్చి ఆమె నెయ్యి పట్టుకుపోయేవారు.

నువ్వూ అదే చేయొచ్చు కదా అంటారు మీరు. మా ఆయనా అదే అన్నాడు. చేయకేం, చేశాను! కానీ నా పాలు తోడుకుంటే ఒట్టు. పెరుగుకి తోడు కావాలి కదా, నా దగ్గర తోడు లేదు. (ఒకప్పుడు ఉండేది. లైన్లలో ఉన్నప్పుడు పశువులశాలలో పనిచేసే మా ఆయన ఎప్పుడైనా గిన్నెడు పాలు తెస్తే, మా అమ్మ మూటలో కట్టిచ్చిన ఎండుమిరపకాయల తొడిమలు వేసి తోడు పెట్టింది నేనే. ఓడ దిగాక మా లైన్లో మొదటి పెరుగు అదే. ఆ పెరుగు చూసి ఒకామె ఏడ్చింది కూడా. తర్వాత లైన్లు వదిలి ఆవు లేకుండా గడిపిన ఏడాదిలో అది పోయింది.) దేశపు మిరపకాయలు ఎప్పుడో అయిపోయాయి. ఇక్కడి మిరప తొడిమలు వేస్తే పాలు జిగురుగా తీగలు సాగి, దొరసాని కూడా ముఖం తిప్పుకునేలా తయారయ్యేవి. మా ఆయన మాత్రం ప్రతి పూటా అన్నంలోకి ఆ తీగలే పోసుకుని, "వొదిన పెరుగైతే సాకెట్టి కొయ్యాలి" అనేవాడు. అన్నది ఒకసారి కాదు. నోట్లో ముద్ద ఉన్నప్పుడల్లా అనేవాడు.

తోడు అడిగితే పోయేది కదా అని మీకు అనిపించవచ్చు. అడిగాను. ఒక సాయంత్రం, అహం అంతా మింగుకుని, చేతిలో కొబ్బరిచిప్ప పట్టుకుని కాలవ దాటి వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడే ఆమె దీపం వెలిగించి చేతులు జోడించి ఉంది.

"అక్కా, కూసింత తోడు ఇయ్యవా?"

ఆమె నా చిప్ప వంక చూసింది, దీపం వంక చూసింది. "ఓలమ్మ, దీపం ఎట్టేసినాను గదే. దీపాలేల పాడి గుమ్మం దాటకూడదు, తెల్దేటి నీకు? పొద్దున్న రా, చిప్పడు ఇస్తాను."

తెలుసు. ఆ ఆచారం మా అమ్మమ్మ ఇంట్లోనూ ఉంది. దీపం పెట్టాక పాలూ పెరుగూ బయటికి ఇస్తే లక్ష్మి వాటితోపాటే వెళ్ళిపోతుందంటారు. ఆమె చోట నేనున్నా అదే మాట అనేదాన్ని. కానీ అసూయ ఉన్నచోట ఆచారం కూడా పిసినారితనంలాగే కనిపిస్తుంది. 'ఇవ్వడం ఇష్టం లేక దీపాన్ని అడ్డం పెట్టుకుంది' అనుకుని, ఖాళీ చిప్పతో తిరిగి వస్తూ కాలవ మధ్యలో నిలబడి ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో ఆమెని మళ్ళీ తోడు అడగనని. మర్నాడు పొద్దున్న వెళ్ళలేదు. ఆ తర్వాత ఆమె నా గుమ్మం ముందు నుంచి పోతూ "చెల్లీ" అని పిలిచినా, కసవు చిమ్ముతున్నట్టు వంగుని పలకకుండా ఉండేదాన్ని. మా వాకిలి అంత శుభ్రంగా ఇంకెప్పుడూ లేదు.

ఇలా ఉండగా ఒకరోజు మా ఆయన, దొరసాని ముందు చెరకు మొవ్వులు పడేసి వచ్చి, నావైపు చూడకుండా చెప్పాడు.

"ఒలే, దీపావళి దాకా సూస్తాను. ఈ ఆవు తన తిండి తను సంపాదించుకోకపోతే అమ్మీడమే. వొదిన కొంటానంటన్నాది."

నా చెవులు గుయ్యిమన్నాయి. "ఎవులు?"

"వొదినేనే. మొన్న కాలవకాడ అడిగింది. ఇంకెవులికీ అమ్మకండి, నాకే ఇయ్యండి అన్నాది."

నిజం చెప్పేస్తాను, ఇప్పుడు దాచుకుని చేసేదేముంది. దొరసానిని అమ్మడం కాదు నన్ను కాల్చింది. ఆ ఆవు వెళ్ళి కాలవ అవతల కొట్టంలో నిలబడి, నన్ను తన్నిన ఆ కాలు బుద్ధిగా దించుకుని, ఆమె చేతికి డబ్బాల కొద్దీ పాలు చేపుతుందే, ఆ బొమ్మ నా కళ్ళ ముందు నుంచి కదలలేదు. ఆమెకి రెండు ఆవులు! నాకు ఖాళీ గుంజ! దొరసాని చచ్చిపోయినా సరే గానీ ఆమె గుంజకి కట్టకూడదని కూడా అనుకున్నాను. (తర్వాత లెంపలు వేసుకుని దొరసానికి గుప్పెడు ఉప్పు నాకించాను.) దీపావళి ఇంకా నెలన్నర ఉంది. నాకు కావలసిందల్లా గరిటెడు తోడు. అది ఈ లోయలో ఒక్క కుండలోనే ఉంది. ఆ కుండ ఎవరిదో ఆమెని అడగనని నేను ఒట్టు పెట్టుకుని ఉన్నాను.

మొదట మా పక్కనున్న ఫిజీ ముసలామెని పంపాను. బూబూ అని పిలిచేవాళ్ళం, వాళ్ళ మాటలో అమ్మమ్మ అని అర్థం. ఆమెకి మన దీపాలూ లక్ష్మీ పట్టింపు లేదు కనుక పని సులువవుతుందనుకున్నాను. చేతిలో చిప్ప పెట్టి, తెల్లటిది, గట్టిది, తెచ్చిపెట్టమని సైగలతో చెప్పి, బదులుగా నా కర్రపెండలం దుంపలు రెండు ఇచ్చాను. వెళ్ళింది. ఎంతకీ రాదు. చివరికి వచ్చింది, చిప్ప నాకి తుడిచినట్టు ఉంది, మూతి చుట్టూ తెల్లటి గీత. "వినాకా, వినాకా!" అని నా బుగ్గ నిమిరింది, చాలా బాగుంది, చాలా థాంక్స్ అని. నేను ఆమెకి పెరుగు విందు చేశాననుకుంది పాపం. అంతటితో ఆగలేదు. మర్నాడు తనే దుంపలు తీసుకుని ఓడక్క ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. నా పుణ్యమా అని ఓడక్కకి ఇంకో ఖాతా దొరికింది.

ఇక లాభం లేదనుకుంటూ ఉండగా శుక్రవారం పేరంటానికి పిలుపు వచ్చింది. ఓడక్క ఏదో మొక్కు తీర్చుకుంటోందట. వెళ్ళకూడదనే అనుకున్నాను. తర్వాత, వెళితే కుండ ఉన్న ఇంట్లోకి వెళ్ళినట్టు కదా అని తోచింది. పెట్టెలోంచి ఉన్న ఒక్క మంచి చీర తీసి కట్టుకుని, నవ్వు తెచ్చి పెట్టుకుని, పొద్దున్నే బయల్దేరాను.

లోపల పదిమంది ఆడవాళ్ళు. తమలపాకులు దొరక్క జామాకుల్లో తాంబూలం పెట్టేవాళ్ళం, ఆ ఆకులు తుడుస్తూ అందరూ మాటల్లో ఉన్నారు. ఉన్నట్టుండి ఓడక్కే నన్ను పిలిచి, "చెల్లీ, లోన ఉట్టి కింద బెల్లం డబ్బా ఉన్నాది, తే" అంది. నేను దొంగతనానికి వస్తే ఇంటావిడే తలుపు తీసి దారి చూపించినట్టయింది. లోపలికి వెళ్ళాను. బెల్లం పక్కనే కుండ. మూత తీశాను.

అబ్బ, ఆ పెరుగు! మీద మీగడ లేత పసుపుగా, ముడత పడకుండా బిగుసుకుని ఉంది. అంత కోపంలోనూ నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది, చెడగొట్టబుద్ధి కాలేదు. గిన్నె తేలేదు, ఆకులో పెడితే కారుతుంది. ఆడదానికి ఉన్న పెట్టె కొంగే కదా, డబ్బులూ తాళాలూ అందులోనే కదా ముడివేసుకుంటాం. నాలుగు వేళ్ళతో ఒక ముద్ద తీసి కొంగు చివర పెట్టి, గట్టిగా ముడి వేసి నడుం వెనక దోపాను. గుంట పడ్డచోట మీగడ సర్ది మూత పెట్టాను. బెల్లం డబ్బాతో బయటికి వచ్చేసరికి నా ముఖం చూసి ఒకామె, "ఏటమ్మా, సెమట్లు పట్టీసినాయి?" అంది. "ఉక్క" అన్నాను.

తాంబూలం పుచ్చుకున్నానో లేదో బయటపడ్డాను. నడుం మీద చల్లగా కారుతోంది, లోపల గర్వం వెచ్చగా పొంగుతోంది. కాలవ దాకా వచ్చాక వెనక ఏదో లాగినట్టయింది. తిరిగి చూద్దును కదా, చుక్క దూడ! పుట్టి రెండు నెలలైనా కాలేదు, పేరు బంగారి. పలుపు ఊడిందో, ఎవరూ కట్టలేదో, నా కొంగు ముడి నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. లాక్కున్నాను. మళ్ళీ పట్టుకుంది. "హాయ్, హాయ్" అన్నాను, అదేదో ముద్దు చేస్తున్నాననుకుని తల నా నడుముకి కొట్టి ఇంకా చప్పరించింది. పరుగెత్తాను. అదీ తోక ఎత్తుకుని పరుగెత్తింది. మంచి చీర కట్టుకుని, కొంగు దూడ నోట్లో పెట్టి, నేను ముందూ అది వెనకా చెరకు గట్టు మీద పోతుంటే, దుంపలు ఒలుచుకుంటున్న బూబూ నవ్వలేక కింద కూర్చుండిపోయింది. వెనక్కి తోలుకెళ్దామంటే ఆ కొంగుతో ఆ ఇంటికి మళ్ళీ ఎలా వెళ్ళను? ముందు తోడు పాలల్లో వేసి, తర్వాత దూడ సంగతి చూద్దామని ఇంటికే పోయాను.

అక్కడ మా ఆయన ఉన్నాడు. వాకిట్లోకి దూడ రాగానే, మంచివాడు కదా, ఎవరిదో తప్పిపోయి వచ్చిందనుకుని, నేను నోరు తెరిచేలోపే దొరసాని గుంజకి కట్టేశాడు. నేను పాల గిన్నె వెతికి ముడి విప్పేలోపే బావ వచ్చేశాడు. ఒక్కడే కాదు. దారిలో లైన్ల సర్దారు, అంటే కూలీల మేస్త్రీ, కనిపిస్తే దూడ పోయిందని చెప్పి వెంట తెచ్చాడు. వాళ్ళ వెనకాల పేరంటం ఆడవాళ్ళు, జామాకులు చేతిలోనే ఉన్నాయి.

ఆ రోజుల్లో దూడ పోవడం చిన్న సంగతి కాదు. స్టేషను, కేసు, కౌలు కాగితం రద్దు దాకా పోయేది. దూడ మా గుంజకి ఉంది. కట్టిన ముడి మా ఆయన వేసే ముడి, ఊరందరికీ తెలుసు.

"కా భయ్?" అని సర్దారు మీసం సర్దుకున్నాడు, ఏం జరిగింది అని. మా ఆయన, "దానంతటదే ఒచ్చినాది" అన్నాడు. బావ మా ఆయన్ని వదిలి నావైపు చూశాడు. ఆ చూపే నాకు ఎక్కువ తగిలింది. "మరదలా, నువ్వు మాయింటి నుంచి ఎల్లినప్పుడే గదా దూడ పోనాది. ఎనకాల ఒస్తంటే సూసుకోనేదా?"

నా ముందు రెండు దారులున్నాయి. నోరు మూసుకుంటే దూడ దొంగనవుతాను, మా ఆయన జైలుకి పోతాడు. నోరు తెరిస్తే పెరుగు దొంగనవుతాను, ఆ ఆడవాళ్ళంతా బతికినన్నాళ్ళూ నన్ను కొంగు పట్టుకుని వెక్కిరిస్తారు. మీరు నమ్మరు గానీ, నేను కాసేపు ఆలోచించాను. దూడ దొంగతనానికి కాస్త మర్యాద ఉందనిపించింది. మా ఆయన ముఖం తెల్లబోయి ఉంది. అది చూసి నోరు తెరవబోయాను గానీ నాకు ఆ కష్టం కూడా లేకుండా బంగారి పలుపు సాగినంత మేరా ముందుకి వచ్చి, నా వెనక్కి తల పెట్టి, ముడి దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజింది. ముడి విడింది. పెరుగు ముద్ద సర్దారు బూటు మీద పడింది.

దూడ బూటు నాకుతోంది. సర్దారు కాలు వెనక్కి తీసుకుని, ఇది ఏ కేసు కిందికి వస్తుందో తెలియనట్టు అందరి ముఖాలూ చూశాడు. నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు కాదు, ఇంత చేసీ తోడు దక్కలేదే అన్న ఏడుపు.

"నేనే తీసినాను. తోడు కోసం. అడగనని ఒట్టెట్టుకున్నాను" అన్నాను, నేలని చూస్తూ.

ఆడవాళ్ళని తోసుకుంటూ ఓడక్క ముందుకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. వచ్చి నా కొంగు చివర చేత్తో పట్టుకుని వాసన చూసింది.

"పిచ్చిదానా, నీ తోడు నువ్వే దొంగిలించుకున్నావేటే?"

నాకు అర్థం కాలేదు.

"లైన్లలో ఉన్నపుడు నువ్వు మీ అమ్మిచ్చిన మిరపతొడిమలేసి తోడెట్టినావు, గేపకముందా? ఆ పెరుగు సూసి ఏడిసింది నేనే గదే. నాకు అర చిప్పడు ఇచ్చినావు. అదే ఇది. ఆ నాటి నుంచి ఒక్క పూట ఆరనియ్యనేదు."

చిప్పడు ఇవ్వడం నాకు జ్ఞాపకం ఉంది. ఇచ్చిన చిప్ప ఇంతకాలం బతికి ఉంటుందని మాత్రం ఊహించలేదు. "మరి చుక్క వట్టిపోయినప్పుడో?" అన్నాను. పశువు ఉన్నవాళ్ళకి మొదట తట్టే ప్రశ్న అదే కదా.

"సబేటో ఎల్లి గరిటెడు పాలు అడుక్కుని తెచ్చి బతికించినాను. మొన్న అది ఈనేముందు నెలన్నర, రోజూ."

సబేటోకి పోవాలంటే మా గుమ్మం ముందు నుంచే పోవాలి. ఆ నెలన్నరా ఆమె "చెల్లీ" అని పిలిచిందే, నేను వంగుని కసవు చిమ్మానే, అవి ఆ రోజులే. నా వాకిట్లో డబ్బాడు పాలు విరిగిపోయి మురిక్కాలవలోకి పోతుంటే, ఆమె నా తోడుని బతికించడానికి గరిటెడు పాల కోసం మైళ్ళ కొద్దీ నడిచింది. ఇది తెలిశాక కూడా నాకు ముందు వచ్చిన మాట ఏమిటో తెలుసా? "మరి నా ఆవు నీకెందుకు?" అన్నాను. అసూయ అంత తొందరగా చావదు.

ఓడక్క ముఖం ఎర్రబడింది. ఆమె గొంతులో ఆ తడబాటు నేను అదే మొదటిసారి వినడం. "నీ ఆవు పరాయోళ్ళ సేతికి పోతే, సుక్క వట్టిపోయినపుడు తోడు ఆరిపోద్దని ఒకటి. ఇంకోటి..." అని ఆగి, గబగబా చెప్పేసింది. "దాని పొదుగు సూసి నాకు కుళ్ళొచ్చీసిందే. ఇంత పొదుగు నీకేటి, దూడలాంటి సుక్క నాకేటి అని. నా దిష్టే తగిలి నీ పాలు ఇరిగిపోతన్నాయేమో అని ఇయ్యాల మొక్కు తీర్సుకున్నాను."

నేను ఆమెని చూసి కుళ్ళుకుంటున్న ఆ కాలమంతా ఆమె నన్ను చూసి కుళ్ళుకుందన్నమాట! నా జన్మలో అంత తృప్తి ఎప్పుడూ కలగలేదు. ఏడుస్తూనే నవ్వాను. అది చూసి ఆమె నవ్వింది. మేమిద్దరం నవ్వుతుంటే సర్దారు నా గిన్నె నీళ్ళతో బూటు కడుక్కుని, ఆడవాళ్ళ పనుల్లోకి తనని పిలిచినందుకు బావని తిట్టుకుంటూ పోయాడు. మా ఆయన దూడని విప్పి, ముడి వేసింది తనే కాబట్టి తనే కాలవ దాకా తోలుకెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే, పట్టపగలు, దీపం ఊసు లేని వేళ, ఓడక్క చిప్ప నిండా తోడు తెచ్చి నా చేతిలో పెట్టింది. దొరసాని పాలు మర్నాటికి చాకు పెట్టి కోసేలా తోడుకున్నాయి. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఏదో అనబోయి, నా ముఖం చూసి ఊరుకున్నాడు. దీపావళి వచ్చింది, పోయింది. దొరసాని మా గుంజకే ఉంది. ఆ తర్వాత మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. చుక్క వట్టిపోయే వేళకి దొరసాని ఈనేలా చూసుకోవడం, ఒక కొట్టంలో పాలు తగ్గితే రెండో కొట్టం నుంచి కుండ నింపడం. ఆమె కాళ్ళు గట్టివి కనుక మజ్జిగ ఆమెది, నా చెయ్యి నిదానం కనుక నెయ్యి నాది. ఏడాది పొడుగునా లోయలో మా మజ్జిగ లేని మధ్యాహ్నం లేదు. మురుగులు నాకూ వచ్చాయి. ఆమెవి కాస్త లావు అని నాకు ఎప్పుడూ అనుమానమే.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే (రెండో కొడుకు పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలు ఇవి, వంకరలుంటే మన్నించాలి), ఓడక్క పోయి నాలుగు వర్షాకాలాలు గడిచాయి. ఆమె దినాలు తీరిన సాయంత్రం మా ఇంట్లో దీపం పెట్టాక ఆమె కూతురు చిప్ప పట్టుకుని వచ్చి, హడావిడిలో తోడు ఆరిపోయిందని నా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. దీపం వంక ఒకసారి చూసి, కుండలోంచి పెద్ద గరిటెతో వేసి ఇచ్చాను. లక్ష్మి వెళ్ళదలుచుకుంటే ఆ ఇంటికేగా వెళ్ళేది అనుకున్నాను. అప్పటి నుంచీ ఏ వేళ ఎవరు అడిగినా ఇస్తూనే ఉన్నాను.

నిన్న మా కోడలు సబేటోలో ఎవరింట్లోనో పెళ్ళికి వెళ్ళి వచ్చి, "అమ్మా, ఆ ఇంటి పెరుగు ఎంత బాగుందో, మన ఇంట్లో అలా రాదు" అంది. గుండెలో భగ్గుమంది. ఈ వయసులో కూడా! ఎవరిచ్చారు వాళ్ళకి ఆ తోడు అని ఆరా తీస్తే, ఓడక్క కూతురు ఇచ్చిందట. అంటే మా అమ్మ మిరపకాయలే కదా! అది తెలిసీ మంట తగ్గలేదు. మన తోడే అయితే మన ఇంట్లో కంటే అక్కడ ఎందుకు బాగుండాలి? పాలలో ఏం కలుపుతున్నారు? ఏ కుండలో పెడుతున్నారు? రేపు ఒకసారి వెళ్ళి పలకరించి వస్తానని మంచి చీర తీసిపెట్టమన్నాను. కోడలు చీర తీసి మంచం మీద పెట్టి, కొంగు చివర వేళ్ళతో తడిమి చూసి, దాని పక్కనే మూత ఉన్న గిన్నె ఒకటి పెట్టి వెళ్ళింది.